యేల్ దొర మూటలు

మా వీధి మొగలో ఈ వారం ఓ ఫ్లెక్సీ వెలిసింది. ఎవరి అబ్బాయికో యేల్‌లో సీటొచ్చిందట. సంతోషం. కష్టపడి చదివిన పిల్లాణ్ని నేనేమీ అనను. ఆ పేరు ఎవరిదో ఫ్లెక్సీ కట్టినవాళ్లలో ఒక్కరికైనా తెలుసా అన్నదే నా గొడవ.

ఎలీహు యేల్ మన చెన్నపట్నం గవర్నరే. 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోటలో పెత్తనం చేసి, సొంత వ్యాపారం మితిమీరి పదవి ఊడగొట్టుకున్నాడు. అతను గద్దెనెక్కేనాటికి తీరమంతా కరువు. తిండిలేక జనం పిల్లల్ని అమ్ముకున్నారు, తమను తాము అమ్ముకున్నారు. యూరప్ వెళ్లే ప్రతి ఓడలో కనీసం పదిమంది బానిసల్ని ఎక్కించాలని కోట కౌన్సిలు ఆదేశించింది. తెలుగూ తమిళమూ కలిసి బతికిన తీరం అది. ఓడెక్కినవాళ్లలో మనవాళ్లు లేరని గుండెమీద చెయ్యేసుకుని అనగలమా? 1688లో ఆ ఎగుమతి ఆగింది జాలితో కాదు, గోల్కొండను గెలిచిన మొగలాయీల ఒత్తిడితో.

1718లో ఈ దొర పంపిన తొమ్మిది మూటల సరుకుకు, 417 పుస్తకాలకు మురిసి అమెరికా కాలేజీ ఆయన పేరు పెట్టుకుంది. అంత చవగ్గా చిరకీర్తి దొరికినవాడు మరొకడు ఉండడు.

ఆ విశ్వవిద్యాలయం గ్యాలరీలో ఓ తైలవర్ణచిత్రం ఉంది. బల్ల దగ్గర దొరలు, మద్యం. పక్కన ఓ నల్లపిల్లాడు. మెడకు లోహపు పట్టా, దానికి తాళం. ఆ పిల్లాడి పేరు ఎవరికీ తెలియదు. 2020లో బొమ్మ దించారు, 2022లో కొత్త వివరణతో మళ్లీ తగిలించారు. 2024 ఫిబ్రవరిలో బానిసత్వంతో తమకున్న సంబంధాలకు క్షమాపణ చెప్పి, చరిత్రంతా పుస్తకంగా వేశారు. నాలుగు వేల కోట్ల డాలర్లు దాటిన నిధి ఉన్నవాళ్లకు క్షమాపణ ఖరీదైన వస్తువేం కాదు. అయినా దస్త్రాలు తెరిచారు.

మనమో? 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు జయపురం సంస్థానం ఏటా లక్ష రూపాయలిచ్చింది. సైన్సు కాలేజీకి ఆ రాజావారి పేరే. దాతను తలుచుకోవలసిందే. కానీ ఆ లక్ష ఏ కొండల నుంచి వచ్చింది? అప్పుకింద మనిషినే కట్టేసుకునే గోఠీ నడిచిన కొండలవి. ఏజెన్సీలో రుణబానిసత్వంపై మద్రాసు ప్రభుత్వం 1940లో రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. ఇది తవ్వాలంటే చరిత్ర శాఖ కావాలి, అందులో అధ్యాపకులు కావాలి. మనం కంప్యూటర్ సైన్సు సీట్లు పెంచుకుంటూ, చరిత్ర పోస్టుల్ని ఖాళీగా ఎండబెడుతున్నాం.

వైస్ ఛాన్సలర్ గారూ, వందేళ్ల సంచికలో రాజావారి ఫోటో తప్పకుండా వేయండి. దాని పక్కన సంస్థానం శిస్తు లెక్కలు కూడా అచ్చువేయించండి.