నుమాయిష్‌లో ఒక రూపాయి



ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను వదలటం లేదు. అశోక్‌నగర్ నుంచి ఒక చిట్టితల్లి రాసింది: "నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కాను. పైనుంచి కిందికి దిగుతూంటే కడుపులో ఏదో జారిపోయినట్టయింది. నాన్నను అడిగితే భయం అన్నాడు. నాకేమీ భయం వెయ్యలేదు. మరి ఎందుకలా అయింది?"

అది ఉత్త భయం కాదమ్మా. నాకూ అలాగే అయింది, అరవై ఏళ్ల కిందట. ఆ కథ చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటున్నది.

అప్పుడు మేము చిక్కడపల్లిలో ఒక సందులో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు, చెల్లికి ఆరు. మామయ్య మమ్మల్ని నుమాయిష్‌కు తీసుకుపోతానన్నాడు. అమ్మ ఒక రూపాయి నా జేబురుమాలు కొసకు ముడివేసి, "పిండి జల్లెడ చిరిగిపోయింది. అక్కడ మంచివి దొరుకుతాయట. ఒకటి తీసుకురా" అన్నది. నారాయణగూడ, కింగ్‌కోఠి, ఆబిడ్స్, మొజంజాహీ మార్కెట్టు — దారి పొడుగునా ఆ ముడి తడిమి చూసుకుంటూ నడిచాను. (ఇప్పుడు మీకు నడక అక్కర్లేదు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో బండి మారి, గాంధీభవన్‌లో దిగితే సరి. కాని దారిలో బఠాణీలు తినే సరదా మెట్రోలో ఎక్కడిది?)

నుమాయిష్ అంటే ఉర్దూలో ప్రదర్శన. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన పట్టభద్రులు దీన్ని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. హైదరాబాదు సంస్థానంలో తయారయ్యే వస్తువులను నలుగురికీ చూపించాలని వారి కోరిక. సుమారు నూరు దుకాణాలు, పది రోజుల సంబరం. మొదటి పెట్టుబడి రెండున్నర రూపాయలని చెబుతారు! 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. 1947, 1948 సంవత్సరాల్లో జరగలేదు. 1949లో మళ్లీ మొదలైనప్పుడు రాజాజీ ప్రారంభించారు. ఇప్పుడు మామూలుగా జనవరి 1న మొదలై నెలన్నర రోజులు సాగుతుంది.

లోపలికి పోగానే మామయ్య యంత్రాల దుకాణం ముందు నిలబడిపోయాడు. ఆయనకు మరలు, చక్రాలు కనిపిస్తే చాలు, మేమున్నామన్న సంగతే మరిచిపోతాడు. మా కళ్లు మాత్రం ఆకాశంలో తిరుగుతున్న దీపాల చక్రం మీద ఉన్నాయి. టిక్కెట్టు మనిషికి పావలా. "అర్ధరూపాయి మిగులుతుందిగా, చిన్న జల్లెడ కొందాం" అన్నది చెల్లి. ఆ లెక్క నాకు నచ్చింది. ముడి విప్పాను.

చక్రం పైకి లేచింది. కొసకు పోయి అవతలికి ఒరిగేసరికి కడుపులో ఝల్లుమన్నది. నేను కళ్లు మూసుకున్నాను. దిగేదాకా తెరవలేదు.

ఇప్పుడా ఝల్లు సంగతి చూద్దాం. కొస దాటేటప్పుడు మీరు కూర్చున్న బల్ల మీ కింద నుంచి తప్పుకోబోతూ ఉంటుంది. అందుకని ఎప్పటంత గట్టిగా మిమ్మల్ని పైకి నెట్టదు. మన బరువు మనకు తెలిసేది ఆ నెట్టుడు వల్లనే. అది తగ్గితే ఒళ్లు తేలికవుతుంది. పొట్టలోని పేగులు కూడా ఎప్పటంత బరువుగా ఆనవు. అదే మీకు జారినట్టు తోస్తుంది. చక్రం అడుగుకు వచ్చినప్పుడు దీనికి ఎదురు, ఒళ్లు బరువెక్కుతుంది. నమ్మకం లేకపోతే అరచేతిలో ఒక లావుపాటి పుస్తకం పెట్టుకుని, చేతిని చటుక్కున కిందికి దించి చూడండి. ఆ క్షణం పుస్తకం తేలికవుతుంది.

దిగగానే చెల్లి, "అన్నయ్యా, పైనుంచి దీపాలన్నీ కనబడ్డాయి, చూశావా?" అన్నది. నేనేం చూశాను? చీకటి! ఊరుకోలేక మిగిలిన అర్ధరూపాయి కూడా ఇచ్చేశాను. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాను. మొజంజాహీ మార్కెట్టు గోపురం, రోడ్ల వెంట దీపాల బారులు, చీమల్లా జనం, వాళ్లలో ఎక్కడో మామయ్య.

రూపాయి చెల్లిపోయింది. కిందికి వచ్చాక గాని జల్లెడ గుర్తు రాలేదు.

మామయ్య పీచు మిఠాయి కొనిపెట్టాడు. నాకు సయించలేదు గాని, అది తయారయ్యే తీరు మాత్రం కన్నార్పకుండా చూశాను. పళ్లెం నడుమ గిర్రున తిరిగే చిన్న గిన్నె. అందులో పంచదార కరుగుతుంది. తిరుగుడు వేగానికి ఆ పాకం సన్నని బెజ్జాల్లోంచి బయటికి చిమ్ముతుంది. గాలి తగలగానే చల్లారి దారమవుతుంది. ఈ యంత్రాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు, విలియం మోరిసన్, ఎవరనుకున్నారు? అమెరికాలో పళ్ల డాక్టరు! 1904లో సెయింట్ లూయీ నగరంలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆ మిఠాయి వేలకొద్దీ పెట్టెలు అమ్ముడుపోయింది. జార్జి ఫెర్రిస్ కట్టిన మొదటి జెయింట్ వీల్ కూడా అక్కడే తిరిగింది. 1893లో షికాగో కోసం కట్టిన చక్రమది. ఎత్తు 264 అడుగులు, 36 డబ్బాలు, డబ్బాకు 60 మంది. ఒక్కసారిగా ఎంతమంది ఎక్కవచ్చో లెక్క మీరే కట్టండి.

ఇంటికి వచ్చేటప్పుడు నారాయణగూడ దాటిన దగ్గరనుంచి నా కాళ్లు సాగలేదు. చెల్లి మామయ్య భుజం మీద నిద్రపోయింది. తలుపు తీసిన అమ్మ నా చేతుల వంక చూసింది. ఖాళీ జేబురుమాలు ఇచ్చి, జరిగిందంతా చెప్పేశాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "అంత పైనుంచి మన ఇల్లు కనబడిందా?" అని అడిగింది.

కనబడలేదని చెప్పాను. ఆ ఏడాదంతా అమ్మ పాత చీర ముక్కతోనే పిండి జల్లించుకున్నది. మళ్లీ జనవరి వచ్చింది. ఈసారి అమ్మను కూడా తీసుకుపోయాం. చక్రం ఒరిగినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది గాని, కళ్లు మూసుకోలేదు. దిగిన తరువాత జల్లెడ కొన్నాం.