టిక్కు టిక్కుమన్న కారు

పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ముచ్చటపడి పాత సిట్రోయెన్ డి.ఎస్. కారొకటి కొన్నాను. 1968 నాటి బండి. రాత్రి ఆపితే తెల్లవారేసరికి చతికిలబడి ఉండేది. ఇంజను వెయ్యగానే ఒళ్ళు విరుచుకుని లేచేది. అది జబ్బు కాదు, ఆ జాతి లక్షణం. దానికి ఉక్కు స్ప్రింగులుండవు. చక్రానికొక గోళం. అందులో రబ్బరు పొరకు ఒక పక్క నైట్రోజన్ వాయువు, రెండో పక్క నూనె. లోపల ఎందరు కూర్చున్నా, నూనెను ఎక్కించీ దించీ బండి ఎత్తును అదే సరిచేసుకుంటుంది. 1955లో పారిస్ ప్రదర్శనలో దీన్ని చూసి జనం ముక్కున వేలేసుకున్నారు.

ఒకనాడు గతుకుల్లో అది ఎద్దుబండిలా కుదిపింది. నూనె తగ్గింది కాబోలనుకుని బ్రేకు ఆయిల్ డబ్బా తెచ్చాను.

"లోపలిది ఆకుపచ్చగా ఉందండీ, ఇదలా లేదే!" అంది మా ఆవిడ.

గతుక్కుమన్నాను. 1966లో ఆ బండ్లకు ఆకుపచ్చ ఖనిజ తైలం వచ్చింది. దాంట్లో మామూలు బ్రేకు ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళన్నీ పాడవుతాయి. ఆ బండికి బ్రేకులు పనిచేసేదీ ఆ నూనెతోనే!

"అయిదేసి సెకన్లకు టిక్కుమంటోందేమండీ?" అంది మళ్ళీ.

ఆ చప్పుడు పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటరుది. ఆరోగ్యంగా ఉంటే అర నిమిషానికోసారి వినబడినా ఎక్కువే. ఘడియ ఘడియకూ వినబడితే పీడనం నిలవచేసే గోళంలో వాయువు తగ్గిందన్నమాట. లేదా నూనె ఎక్కడో కారుతోందన్నమాట.

కారుతోందేమో చూద్దామని బండిని పూర్తిగా పైకి లేపి కిందికి దూరాను. "కాఫీ చల్లారిపోతోంది" అని కేక వినిపించి, విసుక్కుంటూ బయటికొచ్చాను. అంతలో ముందు సీట్లో ఆడుకుంటున్న మావాడు ఎత్తు మార్చే లివరు లాగాడు. కారు నిశ్శబ్దంగా కిందికి దిగి, నేను పడుకున్నచోట పెట్టిన పనిముట్ల పెట్టెను అదిమేసింది. కాఫీ కప్పు చేతిలోనే ఉండిపోయింది.

కారడమేమీ లేదు. వయసు మీద పడి గోళాల్లో వాయువు తగ్గింది, అంతే. గోళాలు మార్పించాక బండి మళ్ళీ పల్లకీ అయింది.

అలాంటి బండి మీకుంటే మూడు మాటలు గుర్తుంచుకోండి. నూనె రంగు చూడండి. టిక్కులు లెక్కపెట్టండి. ఇనుప స్టాండ్లు పెట్టనిదే, ఎంత పైకి లేచి ఉన్నా సరే, దాని కిందికి మాత్రం దూరకండి. నూనెను నమ్ముకుని పడుకోకూడదు సుమా!