నల్ల బెల్లమైనా షుగరు షుగరే

పై వీడియోలో మా బెల్లం వంట చూశారు గదా. ఇలాంటి వీడియో పెట్టిన ప్రతిసారీ ఫోన్లో ఒకటే ప్రశ్న: "హైడ్రోస్ కలపని బెల్లమే కదండీ, షుగరున్నవాళ్ళు తినొచ్చా?" తినొచ్చు అంటే నాకు నాలుగు దిమ్మలు ఎక్కువ అమ్ముడవుతాయి. అయినా నా జవాబు ఒక్కటే. వద్దండీ.

అనకాపల్లిలో పుట్టి, బెల్లం అమ్ముకు బతుకుతూ ఇలా చెప్పడమేంటని కొందరికి కోపం. కానీ మనం జీవామృతం కలిపేటప్పుడు 200 లీటర్ల డ్రమ్ములో 2 కిలోల బెల్లం ఎందుకు వేస్తాం? సూక్ష్మజీవులకి వెంటనే అందే తీపి కాబట్టి. రెండు రోజుల్లో డ్రమ్ము నురగ కడుతుంది. మన ఒంట్లో కూడా ఆ తీపి అంతే తొందరగా రక్తంలో కలుస్తుంది. హైడ్రోస్ లేకపోవడం మంచిదే, కొద్దిగా ఖనిజాలు ఉన్నమాటా నిజమే. కానీ బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే.

ఇది నాకు పుస్తకం కంటే మా ఇల్లే బాగా నేర్పింది. మా అమ్మకి షుగరొచ్చి తొమ్మిదేళ్ళు. మొదట్లో ఆవిడకి వేరే గిన్నె, వేరే వంట పెట్టాం. పండగపూట మేమంతా పరమాన్నం తింటుంటే ఆవిడ వంటింట్లో ఒక్కతే కూర్చుని చోడి అంబలి తాగేది. రాత్రి అందరం పడుకున్నాక దిమ్మ గిల్లుకుని తినేది. తప్పు ఆవిడదా? చేతికందేలా దిమ్మ పెట్టింది మేమే గదా.

అందుకే అమ్మని మార్చడం మానేసి ఇంటిని మార్చాం. దిమ్మలు ఇంట్లోంచి గోడౌన్‌కి పోయాయి. అందరికీ ఒకటే వంట: కంచంలో సగం ఆకుకూర, కాయగూరలు, పక్కన పప్పు, అన్నం తక్కువ. చోడి అంబలి కూడా గ్లాసు కొలతే, అందులోనూ పిండి పదార్థం ఉంటుంది. డాక్టరు చెప్పిన వేళకి మాత్ర, వెంటనే టిఫిను, ఆ తర్వాతే పొలం. పరగడుపున మాత్ర వేసుకుని కలుపుకి వెళ్ళడం బంద్. అమ్మ కాళ్ళకి తిమ్మిరి, ముల్లు గుచ్చుకున్నా తెలీదు. అందుకని చెప్పుల్లేకుండా గట్టు దిగదు. సాయంత్రం కాళ్ళు కడిగి తుడుచుకున్నాక మా పాప టార్చి వేసి నాన్నమ్మ అరికాళ్ళు, వేళ్ళ సందులు చూస్తుంది. దానికి అదొక ఆట, మాకు పెద్ద ధైర్యం.

ఇంట్లో బెల్లం ఒక్కచోటే మిగిలింది. అమ్మ కొంగున ముడేసుకున్న చిన్న ముక్క. పొలంలో ఉన్నట్టుండి చెమటలు పట్టి చేతులు వణికితే, అంటే షుగరు పడిపోతే, అది నోట్లో వేసుకుంటుంది. పావుగంటాగి మీటరు పెట్టి చూస్తాం. ఆ కాసేపు బెల్లం నిజంగా మందే. ఎందుకంటే అది షుగరు కాబట్టి!

తోటి ప్రకృతి వ్యవసాయ రైతులకి ఒక మాట. మన బెల్లం శుభ్రమైనదని గట్టిగా చెబుదాం, ఆ మేరకే రేటు అడుగుదాం. షుగరు తగ్గిస్తుందని మాత్రం చెప్పొద్దు. మన మాట నమ్మి ఏ ఇంట్లోనో ఒక అమ్మ మాత్రలు మానేస్తే, ఆ పాపం ఏ ఆర్గానిక్ లేబులూ కడగదు.