రోడ్డు పక్క చేనుకు వేరే మట్టి పరీక్ష కావాలి

చెరుకు చెత్త కాల్చొద్దని రైతుకు అందరూ చెప్తారు. మంచిమాటే, మనమూ కాదనం. కానీ 65వ నంబరు జాతీయ రహదారి మీద సదాశివపేట నుంచి జహీరాబాద్ మీదుగా కర్ణాటక దాకా రాత్రింబవళ్లు పోయే లారీలు, కార్లు మన చేలలో ఏం రాల్చిపోతున్నాయో అడిగేవాళ్లు లేరు.

బండికి పొగ సర్టిఫికెట్ ఉంటే కాలుష్యం లేనట్టే లెక్క. ఆ పరీక్ష సైలెన్సర్ పొగనే చూస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లొచ్చి పొగ తగ్గింది, టైరు మాత్రం అరుగుతూనే ఉంది. మన ట్రాక్టర్ టైరు అరిగాక మార్చేస్తాం. అరిగిన ఆ రబ్బరంతా ఎటు పోయింది? పొడై రోడ్డు మీద, పక్కన పడింది. ఆ పొడిలో జింకు ఉంటుంది. బ్రేకు లైనింగుల పొడిలో ఇనుము, రాగి ఉంటాయి. తొలకరి పడగానే ఇదంతా కల్వర్టుల గుండా పల్లంలోని అల్లం, ఆలుగడ్డ, చెరుకు చేలలోకి దిగుతుంది. కరెంటు బండ్లకు పొగ లేకపోయినా టైర్లున్నాయి, బ్యాటరీ బరువు అదనం.

నీళ్లలో పెంచిన లెట్యూస్ ఆకుకూర టైరు రసాయనాలను వేళ్లతో పీల్చుకుంటుందని వియన్నా విశ్వవిద్యాలయం వారు 2023లో చూపించారు. యూరప్ 2024లో యూరో-7 చట్టం చేసి బ్రేకు పొడికీ, టైరు అరుగుదలకూ హద్దులు పెట్టింది. మన పొగ సర్టిఫికెట్‌లో ఆ గడే లేదు.

మన అసలు తగువు భూసార కార్డుతో. 2015లో వచ్చిన ఆ కార్డులో 12 అంశాలు చూస్తారు. జింకు, రాగి వాటిలో ఉన్నాయి గానీ, లోపం ఉందా అని చూడటానికే. రోడ్డంచు మట్టిలో జింకు మోతాదు మించినా కార్డు ‘సరిపడా ఉంది’ అంటుంది, రైతు సంతోషపడతాడు. సీసం, కాడ్మియం అసలే చూడరు. సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది, మట్టిలో పడ్డ సీసం మాత్రం ఎటూ పోదు.

పరీక్ష చేయిస్తే మన పంటకు చెడ్డపేరు వస్తుందని, మార్కెట్‌లో ధర కోస్తారని కొందరి భయం. ఆ భయం ఉత్తది కాదు. అయినా తెలియకుండా మన పిల్లలకే పెట్టడం కంటే తెలుసుకోవడమే నయం. అందుకే రోడ్డంచున, చేను నడుమ వేరువేరుగా మట్టి తీసి, లోహాల పరీక్ష వ్యవసాయ శాఖ ఉచితంగా చేయాలి. రోడ్డు నీళ్లు నేరుగా చేలలోకి రాకుండా పక్క కాల్వలు కట్టే ఖర్చు రోడ్డు వేసినవాళ్లదే, రైతుది కాదు. అప్పటిదాకా అంచు సాళ్లలో ఆకుకూరలు, పశువుల మేత వేయకుండా ఉందాం.

హైవేకు ఆనుకొని చేలున్న సభ్యులు సర్వే నంబరు, వేసిన పంట రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. వానలకు ముందే మట్టి తీయించాలి.