పానకాలు బుట్టెక్కాడు

పిల్లికి షుగరేమిటి, మీ చాదస్తం కాకపోతే, అనకండి. ఆ మాట మా పక్క వాటా మామి ఎప్పుడో అనేసింది. "పూనైక్కుమ్ షుగరా?" అని ముక్కున వేలేసుకుంది. ఆటో అబ్బాయీ అన్నాడు. చివరికి ఇరవై ఏళ్ళుగా షుగరుతో కాపురం చేస్తున్న మా వారు కూడా, "ఇంట్లో నాకొక్కడికి చాలదుటే?" అన్నారు. పోయిన సంచికలో చింతకాయ పచ్చడి గురించి రాస్తే, పచ్చడి మాట వదిలేసి "మీ పానకాలు ఎలా ఉన్నాడు?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. అందుకని ఈసారి ఈ పేజీ వాడికే ఇచ్చేస్తున్నాను.

తొమ్మిదేళ్ళ వయసప్పుడు వచ్చింది వాడికి జబ్బు. అసలు వాడు మా వెస్ట్ మాంబళం ఇంటికి వచ్చింది ఒక శ్రీరామనవమి నాడు. పెరట్లో పానకం గిన్నె పక్కన, మూతికి మిరియప్పొడి అంటుకుని, అరచేతిలో పట్టేంత ఉన్నాడు. మా అత్తగారి పుట్టిల్లు మంగళగిరి. అక్కడ ఇంటికొక పానకాలు ఉంటాడు, మనకీ ఒకడు ఉండనీ అని ఆవిడే పేరు పెట్టారు. పానకం తాగాడనే అందరం అనుకున్నాం. నాకు ఈ మధ్యనే తెలిసింది, పిల్లి నాలుకకి తీపి రుచే తెలియదట! తీపిని పసిగట్టడానికి కావలసిన జన్యువొకటి పిల్లి జాతిలో చెడిపోయి ఉందని 2005లో అమెరికాలో శాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే మావాడు నాకింది దాహానికో చల్లదనానికో అయి ఉండాలి. తీపంటే ఏమిటో ఎరగని జీవికి తీపి జబ్బు, పైగా పేరు పానకాలు. ఏం చేస్తాం?

మా ఇంట్లో నీచు రాదు. తొమ్మిదేళ్ళూ వాడికి పాలన్నం, పెరుగన్నం, కొట్లో అమ్మే గింజల మేత. గడప దాటడు, ఆపరేషను చేయించిన మగపిల్లి, దిండులా ఒళ్ళు చేశాడు. ముద్దొస్తున్నాడు అనుకున్నామే గాని, పిల్లులకి షుగరు రావడానికి ఇవన్నీ దారులే అని తెలియదు. పిల్లి మాంసం మీద బతకాల్సిన జంతువు. మనలా అన్నం తిని అరిగించుకునే ఒళ్ళు కాదది. 2024 ఎండాకాలంలో వాడు బక్కెట్లో తల పెట్టి నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. వాడి ఇసక తొట్టి పొద్దునా సాయంత్రం మార్చినా చాలడం లేదు. ఎండలు కదా అనుకున్నాను. తింటూనే చిక్కిపోతున్నాడు, వయసు కదా అనుకున్నాను. నెల తిరిగేసరికి వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి కుందేలులా నడుస్తున్నాడు. అది షుగరు నరాలకి ఎక్కిన గుర్తట. అప్పటికి గాని నాకు బుద్ధి రాలేదు.

రక్తం, మూత్రం చూసి డాక్టరు గారు గ్లార్జిన్ అనే ఇన్సులిన్ పొద్దున ఒక యూనిట్టు, రాత్రి ఒక యూనిట్టు అని రాశారు. ఏడింటికీ ఏడింటికీ. మేత మార్చమన్నారు. చేపల టిన్నులు పెరటి వసారాలో తెరవడానికి మా అత్తగారి పటం ముందు మనసులోనే అనుమతి అడిగాను. వాడి చెమ్చా వేరు, గిన్నె వేరు. ఆవిడ ఉంటే ఏమనేవారో గాని, పేరు పెట్టింది ఆవిడే కదా.

ఇక్కడ ఒక్క మాట, షుగరున్న మనుషులూ పిల్లులూ కలిసి ఉండే ఇళ్ళకి. మా వారి ఇన్సులిన్ బుడ్డి మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. పానకాలుది మిల్లీలీటరుకి 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ రంగు మూత. రెండూ ఒకే ఫ్రిజ్జులో, ఒకే అరలో. ఎర్ర మూత సిరంజిలో పిల్లి మందు ఒక గీత లాగితే ఒక యూనిట్టు కాదు, రెండున్నర యూనిట్లు వెళ్తుంది. ఒకరోజు కరెంటు పోయినప్పుడు నేను ఆ పని చేయబోయాను. మా వారు టార్చి వేసి చూసి చెయ్యి పట్టుకున్నారు. ఆ సాయంత్రమే పిల్లి సరంజామా అంతా వేరే డబ్బాలోకి మారిపోయింది.

ఇప్పుడు అసలు కథ. మందు మొదలుపెట్టిన రెండు వారాలకి చూపించమన్నారు. మా వారి రక్తపరీక్షకి ఖాళీ కడుపుతో తీసుకెళ్ళడం నాకు అలవాటు. అదే పద్ధతిలో పానకాలుకీ పొద్దున మేత పెట్టలేదు, మేత లేదు గనక సూదీ వేయలేదు. అటక మీంచి బుట్ట దింపాను. తొమ్మిదేళ్ళలో ఆ బుట్ట దిగినప్పుడల్లా ఆస్పత్రే గనక, చప్పుడు వినగానే బీరువా కింద దూరాడు. చీపురుతో తోసి, మెడ పట్టుకుని, ఇద్దరం కలిసి కుక్కాం. నా చేతి మీద మూడు గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఆటోలో దారంతా అరుపు. ఆస్పత్రిలో గంటన్నర కాచుకున్నాం, బుట్ట నేల మీద. దాని ముందు ఒక ఆల్సేషన్ కుక్క కూర్చుని లోపలికి చూస్తోంది. లోపలికి పిలిచాక ఇద్దరు కుర్రాళ్ళు అదిమిపట్టారు. షుగరు 412 వచ్చింది. గది నిండా మనుషులు, బయట ఇంకో ఇరవై మంది. "మందు చాలడం లేదు, రెండు యూనిట్లు చేయండి" అన్నారు. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు, పొద్దున సూది వేయలేదని. ఎవరి తప్పు ఎంతో ఇప్పుడు తూచను.

మూడో నాటి రాత్రి రెండున్నరకి ఏదో కింద పడ్డ చప్పుడైంది. లేచి దీపం వేస్తే హాల్లో పానకాలు తాగినవాడిలా తూలుతున్నాడు. గోడకి గుద్దుకుని ఒక పక్కకి పడిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడడం లేదు. నేను పక్షవాతం అనుకుని ఏడుపు లంకించుకున్నాను. అప్పుడు మా వారు, అదే, "నాకొక్కడికి చాలదుటే" అన్న మనిషి, నేల మీద కూర్చుని వాడి తల ఒళ్ళో పెట్టుకుని, "ఏడవకు. వీడికి షుగరు పడిపోయింది. నాకు ఆ రోజు రైల్లో అయినట్టే. తేనె తే" అన్నారు. తన మిషనుతోనే చెవి అంచున పొడిచి చూశారు. 41.

తేనె నోట్లో పోయలేదు. స్మారకం లేని ప్రాణి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలికి రాసుకుని చిగుళ్ళకి రుద్దారు, మళ్ళీ మళ్ళీ. పది నిమిషాలకి మీసాలు కదిలాయి. పావుగంటకి తల ఎత్తి ఆయన వేలు కొరికాడు. అంత ఆనందంగా కొరికించుకున్న మనిషిని నేను చూడలేదు. తరవాత టిన్ను పెట్టాం, తిన్నాడు. తెల్లారేదాకా అరగంటకోసారి చెవి పొడుస్తూ కూర్చున్నాం. వాడు మమ్మల్నిద్దర్నీ అసహ్యంగా చూశాడు.

తెల్లారాక మా తోటికోడలి కూతురు చెప్పిన ఇంకో డాక్టరమ్మకి ఫోను చేశాను. చిన్న పిల్ల, చదువు ముగించి అయిదారేళ్ళయి ఉంటుందేమో. ఆ పూట సూది మానమంది, ఆ తరవాత మళ్ళీ ఒక్క యూనిట్టే అంది. జరిగిందంతా విని, "అమ్మా, ఆ నాలుగొందల పన్నెండులో జబ్బు ఎంతో భయం ఎంతో ఎవరు చెప్పగలరు?" అని అడిగింది.

భయపడ్డ పిల్లి ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుందట. పారిపోవడానికో పోట్లాడడానికో బలం కావాలి గనక, కాలేయం దాచుకున్న చక్కెరని ఒక్కసారిగా రక్తంలోకి వదులుతుంది. మనుషుల్లోనూ కొంత ఉంటుంది గాని పిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. ఏ జబ్బూ లేని పిల్లికి కూడా ఆస్పత్రిలో మూడొందలు దాటవచ్చు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పిల్లులకి అయిదు నిమిషాలు నీళ్ళు చల్లి స్నానం చేయిస్తే షుగరు పెరిగింది, అందులోనూ గింజుకున్న పిల్లులకి ఎక్కువగా పెరిగింది. చీపురుతో తోసిన నా చెయ్యి, అదిమిపట్టిన ఆ కుర్రాళ్ళ చేతులు, ఆల్సేషన్ చూపు, అన్నీ కలిసి 412 అయ్యాయన్నమాట. పైగా ఆ పూట మందు లేదు. ఆ అంకె చూసి మందు రెట్టింపు చేశాం. ఇంటికొచ్చాక భయం పోయింది, మందు మిగిలింది.

మూడు వారాలు ఇంట్లోనే చూసి రాయమంది డాక్టరమ్మ. గోరువెచ్చని గుడ్డతో చెవి కాస్త వెచ్చబెట్టి, అంచున సన్నని నరం పక్కన పొడిస్తే ఆవగింజంత బొట్టు వస్తుంది, అది చాలు. మనుషుల మిషను పిల్లి రక్తంలో కొంచెం తక్కువ చూపిస్తుందట. పిల్లులకి వేరే మిషన్లూ ఉన్నాయి. ఏదైనా ఫరవాలేదు గాని ఎప్పుడూ ఒకటే వాడాలి, ఏది వాడామో డాక్టరుకి చెప్పాలి. మా వారి పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో తేదీ, వేళ, అంకె, ఎంత తిన్నాడు, ఎంత మందు అని గీతలు గీసి రాశాం. రాత మా వారిది. బ్యాంకు చెయ్యి, కొట్టివేతలు ఉండవు.

ఆ మూడు వారాలూ బుట్టకి కూడా వేరే పని పడింది. తలుపు ఊడదీసి హాల్లో టీవీ పక్కన పెట్టాను. లోపల మా వారి పాత పంచె, ఉతకనిది. వాసనే ముఖ్యమట, అందుకని ఉతికే చెయ్యి కట్టేసుకున్నాను. నాలుగు రోజులు వాడు దాని చుట్టూ ఆరడుగుల దూరంలో తిరిగాడు. అయిదో రోజు టిన్ను గిన్నె దాని గుమ్మంలో పెట్టాను, తరవాత లోపల. రెండో వారానికి మధ్యాహ్నం నిద్ర అందులోనే. మూడో వారంలో తలుపు బిగించి, వాడిని అందులోనే వీధి చివర పిళ్ళయార్ కోవిల దాకా మోసుకెళ్ళి తీసుకొచ్చాను. మామి బాల్కనీలోంచి చూసి ఏమీ అనలేదు. అనడానికి మాటలు చాలి ఉండవు.

వెళ్ళే రోజు ఏడింటికి మామూలుగా మేత, మామూలుగా సూది. బుట్ట మీద తువ్వాలు కప్పాను. చూడకపోతే సగం భయం ఉండదు. ముందే ఫోను చేసి తలుపు తీయగానే మొదటి వంతు మాదే అని చెప్పించుకున్నాను. ఆటో అబ్బాయిని మీటరు మీద పది ఎక్కువిస్తా, గుంతల్లో మెల్లిగా పోనీ అన్నాను. లోపల కుక్కలుంటే పిలిచేదాకా ఆటోలోనే కూర్చున్నాం. లోపల బుట్ట నేల మీద కాదు, కుర్చీ మీద, నా పక్కన. డాక్టరమ్మ వాడిని బయటికి లాగలేదు. పైమూత విప్పి, అడుగు భాగంలోనే పంచె మీద కూర్చోబెట్టి గుండె విని, పొట్ట నొక్కి చూసింది. పట్టుకున్నది నేనొక్కదాన్నే. వాడు గురగురలాడాడు. ఇష్టపడుతున్నాడు అని నేను మురిస్తే, "భయమేసినా గురగురలాడతాయమ్మా" అంది. ఇలాంటి ఉపాయాలకి లొంగని పిల్లులకి, బయల్దేరే ముందు ఇంట్లోనే వేయడానికి గాబాపెంటిన్ అనే మందు డాక్టర్లే ఇస్తారు. మనం వేసుకునే మాత్ర ఏదో విరిచి మాత్రం వేయకండి. పారాసిటమాల్ పిల్లికి విషం, ప్రాణం తీస్తుంది.

ఇంట్లో బయల్దేరేముందు మా మిషనులో 171. అదే మిషను, అక్కడ గంటన్నర తరవాత, 318. ఇంత చేసినా! నా మొహం పాలిపోయింది. డాక్టరమ్మ ఆ అంకె కేసి చూసి ఊరుకుంది. పాల లెక్క పుస్తకం తీసుకుని మూడు వారాల గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. అంత సేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఫ్రక్టోసమీన్ పరీక్షకి రక్తం తీసింది. మనకి మూడు నెలల షుగరు చెప్పే పరీక్ష ఉన్నట్టే, ఇది పిల్లికి గడిచిన రెండు మూడు వారాల సగటు చెబుతుంది. ఆ ఒక్క గంట భయం దానికి అంటదు. రెండు రోజులకి ఫలితం వచ్చింది. పుస్తకంలో అంకెలూ అదీ ఒకే మాట చెప్పాయి. మందు ఒక్క యూనిట్టు దగ్గరే ఉంచింది.

కొన్ని పిల్లులకి సరైన మేత, మందు త్వరగా పడితే సూది అవసరమే లేకుండా పోతుందట. పానకాలుకి ఇంకా పోలేదు. మడమలు మాత్రం నేల వదిలాయి, మొన్న బీరువా ఎక్కాడు.

పోయిన నెల మా వారిని ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బీపీ 164 చూపించింది. ఇంట్లో పొద్దున చూస్తే 136. డాక్టరు గారు మాత్ర పెంచుదామా అని కలం తీసేసరికి ఈయన జేబులోంచి ఒక కొత్త పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. తేదీ, వేళ, అంకె, కొట్టివేతలు లేకుండా. నాకు తెలియకుండా ఎప్పటినుంచి రాస్తున్నారో! ఆటోలో ఇంటికొస్తూ అడిగాను. "నన్నెవరు బుట్టలో కూర్చోబెట్టి తువ్వాలు కప్పుతారు?" అన్నారు.