మంద్రస్వరపు మర్యాద

రాక్ సంగీతమనగానే తెలుగునాట పెద్దలలో పలువురకు కేకలు, గంతులు, మిరుమిట్లు గొలుపు దీపములు మాత్రమే స్ఫురించును. ఆ సంగీతమును అభిమానించు యువకులకు సైతము ముందుగా తెలియునది గాయకుని పేరు. ఆ తరువాత గిటారు వాయించువాని పేరు. వారిరువురకును వెనుక, వెలుగు అంచున నిలిచి, నాలుగు లావుతీగల వాద్యమును మీటువాడు ఎవరని అడుగువారు అరుదు. అతడే బేసు వాదకుడు. ఇంగ్లండు దేశపు ‘క్వీన్’ బృందములో 1971 నుండి 1997 వరకు ఆ స్థానమున నిలిచిన జాన్ డీకన్ జీవితమును తరచి చూచిన, ఒక సంగీతజ్ఞుని చరిత్ర మాత్రమే గాక, పాఠశాలలలో ఎవరికి మెప్పు దక్కుచున్నది, ఎవరు మరుగున పడుచున్నారు అను విచారణకు కూడ తగిన ఆధారము లభించును.

మొదట ఆ వాద్యము చేయు పనియేమో తెలియవలెను. బేసు గిటారు తీగలు మామూలు గిటారులోని లావుతీగలకంటె ఒక స్థాయి క్రిందుగా పలుకును. అట్టడుగు తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. గాలిలో ఆ ధ్వనితరంగపు నిడివి ఎనిమిది మీటర్లకు పైబడును. చిన్న రేడియోపెట్టె దానిని సరిగా పలికింపజాలదు. పొరుగింట పాట మ్రోగునపుడు గోడను దాటి వచ్చునది మాత్రము అదియే. పూర్వము ఈ పనిని మనిషియెత్తు ఉండు డబుల్ బేస్ అను వాద్యము నిర్వహించుచుండెను. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బేస్’ అను విద్యుద్వాద్యమును వెలువరించిన పిదప, మంద్రస్వరము డ్రమ్ముల హోరునకు లొంగని బలమును సంతరించుకొన్నది.

కర్ణాటక సంగీతముతో పరిచయము గలవారికి దీని మహిమ గ్రహభేదమను ఒక్క మాటతో బోధపడును. మోహనరాగ స్వరములనే ఉంచి రిషభమును షడ్జముగా గైకొన్నచో మధ్యమావతి యగును. గాంధారమును గైకొన్నచో హిందోళమగును. స్వరములు మారలేదు, ఆధారము మారినది. బేసు వాదకుని పనియు ఇట్టిదే. పైని వాద్యములు పలుకు స్వరసమూహము క్రింద అతడు ఏ స్వరము నుంచునో దానినిబట్టి ఆ సమూహపు భావమే మారిపోవును. తాళమునకును పాటకును నడుమ ముడివేయువాడును అతడే. విన్నవారు అతనిని గుర్తింపకపోవచ్చును. అతడు ఆగిన క్షణమున ఏదియో కూలినదని మాత్రము అందరును గుర్తింతురు.

డీకన్ సరిగా ఆ 1951లోనే, ఆగస్టు 19న, లెస్టర్ నగరమున జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయెను. విద్యుత్పరికరములయందు అతనికి చిన్ననాటినుండి మక్కువ. రేడియోలోని పాటలను పట్టియుంచుటకు టేపురికార్డరును తానే సవరించుకొనెను. తోడి కుర్రవాండ్ర బృందములో మొదట గిటారు వాయించి, తరువాత బేసునకు మారెను. లండనులోని చెల్సీ కళాశాలలో ఎలక్ట్రానిక్సు చదివి 1971లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. క్వీన్ బృందములో చేరినదియు ఆ సంవత్సరమే. జాంజిబారున పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో చదివిన పార్సీ యువకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అందు గాయకుడు. బ్రయన్ మే గిటారు, రోజర్ టేలర్ డ్రమ్ములు వాయించువారు. అప్పటికే బేసు వాదకులు కొందరు ఆ బృందమునకు వచ్చి పోయియుండిరి. నలుగురిలో పిన్నవాడు, చివర చేరినవాడు, నిలిచినవాడు డీకన్.

1972లో లండనులో పారవేసిన సామానుల తొట్టెలో అతనికి ఒక సర్క్యూటు పలక దొరికెను. దానిని చిన్న స్పీకరుపెట్టెలో బిగించి, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుచు ఒక ధ్వనివర్ధకమును అతడు తయారుచేసెను. బ్రయన్ మే తన గిటారును దానికి తగిలించి, క్లారినెట్టు, ట్రంపెట్టు మొదలగు ఊదువాద్యములను తలపించు నాదములను పలికించెను. ‘డీకీ యాంప్’ అను పేరున అది నేటికిని సంగీతలోకమున ప్రసిద్ధము. ఒకని చేతిపని మరియొకని వాద్యమునకు వన్నె తెచ్చినది.

ఇంతవరకు చదివి, అణగియుండుటయే ఇందలి నీతియని ఎవరేని తలంచినచో అది పొరపాటు. మితభాషి వేరు, మాటలేనివాడు వేరు. 1975లో భార్యనుద్దేశించి ‘యు ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్’ అను పాటను రచించినపుడు, అందులకు డీకన్ కోరిన ఎలక్ట్రిక్ పియానో మెర్క్యురీకి రుచింపలేదు. డీకన్ వాదింపలేదు, విడువనులేదు. తానే ఆ వాద్యమును అభ్యసించి పాటలో వాయించెను. 1980లో అమెరికా నల్లజాతివారి నృత్యసంగీతపు నడకతో ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ను తెచ్చినపుడు టేలరునకు అది మొదట నచ్చలేదు. ఆ పాటయే అమెరికాలో మూడు వారములు ప్రథమస్థానమున నిలిచెను. అందు ముందు నడచునది బేసు. గాత్రము దానిని అనుసరించును. 1984 నాటి ‘ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ’ సైతము అతని రచనయే. బృందగానములో ఏనాడును ముందుగొంతు కాని మనిషి పాటలను లోకమంతయు గొంతెత్తి పాడినది.

కీర్తి విషయమున ఆ బృందపు నడవడి గమనింపదగినది. 1981లో డేవిడ్ బోవీతో కలిసి చేసిన ‘అండర్ ప్రెషర్’ పాటకు ప్రాణమైన బేసు వరుస డీకన్‌దేయని తోడివారందురు. బోవీదేయని డీకన్ ఒకమారు చెప్పెను. తాను వచ్చుసరికే అది యున్నదని బోవీ చెప్పెను. 1989 నుండి ఏ పాట యెవరు వ్రాసినను నలుగురి పేరనే ప్రకటించిరి. ఇట్టి పొత్తు కుదిరినచోట మౌనవంతుడు నష్టపడడు. కుదరనిచోట వాని వినయము ఇతరులకు వాటమైన మెట్టుగా మారును. కావున డీకన్‌ను మెచ్చువారు అతనికి పాట వ్రాయు తావిచ్చిన ఆ ముగ్గురిని కూడ మెచ్చవలెను.

1991 నవంబరు 24న మెర్క్యురీ మరణించెను. మరుసటి ఏప్రిలులో వెంబ్లీలో జరిగిన స్మారకసభలో డీకన్ వాయించెను. 1997 జనవరిలో పారిసునందు చివరిసారి తోడివారితో వేదికనెక్కెను. ఆ ఏడే మిత్రుని స్మృతికై ఒక పాట రికార్డింగులో పాల్గొని, పిదప విరమించెను. 2001లో రాక్ సంగీతపు ‘హాల్ ఆఫ్ ఫేమ్’లో బృందమునకు గౌరవము జరిగినపుడును రాలేదు. తోడివారు ఇతర గాయకులతో కచేరీలు సాగించిరి. అది వారి మార్గము. అభిమానులకు ఋణపడిన కళాకారుడు ఇట్లు తొలగవచ్చునాయని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణ నిలువదు. శ్రోతకు కళాకారుడు బాకీపడినది మంచి సంగీతము. అది పాతిక సంవత్సరములపాటు ముట్టినది. శేషజీవితము అతని సొత్తు.

ఉపాధ్యాయులు ఆలోచింపవలసినది ఇదియే. వార్షికోత్సవమున పద్యము పాడిన బాలునకు బహుమతి లభించును. వెనుక హార్మోనియముపై శ్రుతి నిలిపిన బాలుని పేరు కరపత్రమున నుండదు. చెడిన మైకును ఆ సాయంకాలమే బాగుచేసిన బాలుని పేరు అసలే యుండదు. అట్టివారిని బలవంతముగ ముందునకు నెట్టుట దయకాదు. ‘బుద్ధిమంతుడు, పలుకడు’ అని మెచ్చి విడుచుట అంతకంటె అన్యాయము. చేసిన పనికి పేరు వేయవలెను. వ్రాసినదేమైన కలదాయని అడుగవలెను. ఉన్నచో దానికి వేదికపై చోటీయవలెను.

విద్యార్థులకు ఒక చిన్న అభ్యాసము చాలును. తెలిసిన పాటను మరల వినునపుడు గాయకుని విడిచి, అడుగున నడచు మంద్రస్వరమును మాత్రమే మొదటినుండి తుదివరకు అనుసరింపవలెను. తొలుత అది చెవికి చిక్కదు. చిక్కిన పిదప ఆ పాట మునుపటి పాటగా వినబడదు. తరగతిలో వెనుకబల్లపై కూర్చున్న తోటివాడును మునుపటివలె కనబడడు.