ఆమె కంచంలో ఏముంది?

నిడదవోలు దగ్గర ఒక పల్లెలో ఏడో నెల గర్భిణితో మాట్లాడుతుంటే, పక్కనే కూర్చున్న అత్తగారు నాకు నచ్చజెప్పింది: "పొట్టనిండా తింటే బిడ్డకి చోటెక్కడుంటదండీ? బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టవవుద్ది కదండీ." ఆమె మాటలో కోడలి మీద కక్ష లేదు, కాన్పుల్లో చావులు చూసిన తరం భయం ఉంది. కాలువ నీళ్ళతో వరి పండే ఈ డెల్టాలో ఆ కోడలి మధ్యాహ్న భోజనం తెల్లటి పాలిష్ బియ్యపు అన్నం, ఆవకాయ, పలచటి మజ్జిగ. అదీ ఇంట్లో అందరూ తిన్నాక. ముందు నెల వరకూ ఆమె నాట్లకు వెళ్ళింది.

ఈ కంచానికీ పుట్టబోయే బిడ్డ ఒంటి కొవ్వుకీ సంబంధం ఉందంటే నమ్మడం కష్టం. సన్నటి తల్లికి సన్నటి బిడ్డే పుడుతుందనుకుంటాం. పుణె దగ్గర ఆరు గ్రామాల్లో 1993లో మొదలైన అధ్యయనంలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం వేరే సంగతి గమనించింది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. తగ్గింది ముఖ్యంగా కండలో, పొట్టలోని అవయవాల్లో. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. 2002లో పుణె, లండన్ శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పోల్చినప్పుడు, బరువును బట్టి చూస్తే మన బిడ్డల్లోనే ఇన్సులిన్, లెప్టిన్ ఎక్కువగా కనిపించాయి. అంటే మధుమేహానికి బాట పుట్టకముందే పడుతోంది. అంగన్‌వాడీ కాటా ఈ సంగతి చెప్పదు. దానికి తెలిసింది బరువొక్కటే.

గ్రోత్ హార్మోన్ అనగానే పిల్లల్ని పొడుగు చేసేది గుర్తొస్తుంది. గర్భంలో దాని పాత్ర స్వల్పం. అక్కడ ఎదుగుదలను నడిపేవి ఇన్సులిన్, దాన్ని పోలిన ఐ.జి.ఎఫ్. అనే హార్మోన్లు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది కానీ తల్లి ఇన్సులిన్ చేరదు. బిడ్డ తన ఇన్సులిన్‌ను తానే తయారు చేసుకోవాలి. చక్కెర ఎక్కువైతే ఆ ఇన్సులినే కొవ్వు పేరుస్తుంది. కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి, విటమిన్లు కావాలి. పుణె పల్లెల్లో ఆకుకూరలు, పాలు, పండ్లు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు మెరుగ్గా పుట్టారు. బండచాకిరీ ఎక్కువ చేసిన తల్లుల బిడ్డలు చిన్నగా పుట్టారు. బి-12 తక్కువై, ఫోలేటు ఎక్కువున్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ళ వయసుకే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని 2008లో తేలింది. మాత్రలు మానమని దీనర్థం కాదు. మాత్ర తిండికి బదులు కాదని మాత్రమే.

ఈ పరిశోధనల మీద నాకు గౌరవం ఉంది. నా పేచీ వాటిని వాడుకునే తీరుతో. బిడ్డ బాగుండాలంటే తల్లి తినాలి అన్న వాక్యంలో తల్లి ఒక పాత్ర మాత్రమే. ముప్ఫయ్యేళ్ళ తర్వాత కొడుక్కి షుగర్ వస్తే తప్పు మళ్ళీ ఆమె మీదికే వస్తుంది. ముంబై మురికివాడల్లో స్త్రీలకు ఆకుకూరలు, పాలు, పండ్లతో చేసిన చిరుతిండి పెట్టి చూశారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం, గర్భం రావడానికి కనీసం మూడు నెలల ముందు నుంచీ తిన్నవారి బిడ్డలు సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు. మరీ బక్కచిక్కిన స్త్రీల విషయంలో ఆ మేలు కనబడలేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆకలి తొమ్మిది నెలల్లో తీరేదా? అదే తిండితో గర్భిణుల్లో మధుమేహం బాగా తగ్గింది. అది ఆ స్త్రీలకే దక్కిన మేలు. కానీ అందరూ లెక్కపెట్టింది గ్రాములనే.

మన దగ్గరా సాక్ష్యం ఉంది. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలు యౌవనంలోకి వచ్చాక చూస్తే, పెరిగిన ఎత్తు 14 మిల్లీమీటర్లే. ఇన్సులిన్ పనితీరూ రక్తనాళాల స్థితీ మాత్రం మెరుగ్గా ఉన్నాయి.

2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి, కాన్పయ్యాక ఆరు నెలల వరకూ, అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం హక్కు అంది. ఉద్యోగరీత్యా ప్రసూతి సౌకర్యాలున్నవారు మినహా అందరికీ కనీసం 6,000 రూపాయల సహాయం అంది. ఎన్నో కాన్పన్న షరతు అందులో లేదు. 2017 పథకం దాన్ని మొదటి కాన్పుకు 5,000గా కుదించింది. 2022 నుంచి రెండో కాన్పుకూ ఇస్తున్నారు, అదీ ఆడపిల్ల పుడితేనే, 6,000. నాట్లు మానుకున్న స్త్రీకి అది దానం కాదు, పోయిన కూలికి బదులు. చట్టం చెప్పినట్టు ప్రతి కాన్పుకూ ఇవ్వాలని మనం అడగాలి. భోజనం కేంద్రంలోనే, ఆమె కూర్చుని తినేలా వడ్డించాలనీ అడగాలి. సరుకులుగా ఇంటికి పంపితే గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో మనకు తెలియనిది కాదు.

లేచి వచ్చేస్తూ ఆ కోడలిని అడిగాను, నీకేం తినాలనుందమ్మా అని. అత్తగారి వంక ఒకసారి చూసి, "చేపల పులుసండీ" అంది.